ఎర్ర బటన్

"వైరింగులో తప్పేమీ లేదు వదినా," మరిది మీటరు పక్కన పెట్టాడు. "అన్నయ్య వైర్లు కలిపాడంటే జడ అల్లినట్టే."

"మరి ఆవేళ ఎందుకాగింది? కంప్యూటర్ గీసినట్టే చెక్కను చెక్కుతుందని ఈ సి.ఎన్.సి. మిషన్‌ని రెండేళ్లు కూర్చుని కట్టారు. తొలిసారి కరెంటిచ్చిన రోజే మొరాయించింది. ఆ దిగులుతోనే మీ అన్నయ్య గుండె ఆగింది."

"మొరాయించలేదు. ఇదుగో, ఈ ఎర్ర బటన్ నొక్కి ఉంది. చేత్తో నొక్కితేనే ఇలా ఉంటుంది. అన్నయ్యే ఆపాడు."

"బాగా నడుస్తున్నదాన్ని ఆపడమెందుకు?"

"ఎవరైనా పిలిచారేమో."

ఆమె స్టూలు మీద కూలబడింది.

"నేనే. అన్నానికి మూడుసార్లు పిలిచాను. మోత ఆగింది గానీ మనిషి రాలేదు. మిషన్ చెడి, దాంతో కుస్తీ పడుతున్నారనుకున్నాను. అలిగి ఒక్కదాన్నే తినేసి, గిన్నెలు కూడా కడుక్కున్నాను. నా దగ్గరికి రావడానికే ఆపారన్నమాట."

మరిది మిషన్‌కి తగిలించిన ల్యాప్‌టాప్ తెరిచాడు.

"ఎన్నింటికి ఆపారో అందులో తెలుస్తుందా? నేనీ గదిలోకొచ్చి, పడిపోయి ఉన్న ఆయన్ని చూసేసరికి రెండు దాటింది."

తెరమీద, మిషన్ ఆగిన సమయం ఒంటిగంటా పది అని ఉంది. మరిది ల్యాప్‌టాప్ మూత దించేశాడు.

"అలాంటివి ఇందులో ఉండవు వదినా."