బస్సులో మఫ్టీ మనిషి

“నీకొక్కనికే చెప్తాండా రామన్నా, ఇంకో చెవికి పోగూడదు” అంటూ కండక్టరు బాషా డ్రైవరు మీదికి వంగాడు. “సర్కారు ఆడపోలీసును పంపిందంట. మఫ్టీలో! మామూలు చీర కట్టుకోని మన బస్సులోనే తిరుగుతాదంట.”

“నీకెవురు చెప్పిరి?”

“ఎస్సై సారే. పానం పోయినా బయటపెట్టొద్దని ఒట్టేయించుకున్న్యాడు.”

ఆ ఒట్టు ఆళ్లగడ్డ బస్టాండు కూడా దాటలేదు. శిరివెళ్ల వచ్చేసరికి బస్సులో సగం మందికి, నంద్యాలలో దిగేసరికి అందరికీ “ఒక్కొక్కరికే” తెలిసిపోయింది. బాషా నోట్లో నువ్వుగింజ నానదని ఊరందరికీ తెలుసు. మనసు మాత్రం వెన్న. పాపం, రెండూ ఒక్క మనిషికే ఇచ్చాడు దేవుడు.

అసలు బాషా ఎస్సై దగ్గరికి పోయింది కూడా ఆ మనసు ఊరుకోకే. పుల్లయ్య కూతురు జయలక్ష్మి ఇంటర్ చదవడానికి రోజూ ఆ బస్సులోనే నంద్యాల పోయేది. చుక్కల చొక్కా వాడొకడు వెంటపడి, ఒకరోజు నిండు బస్సులో వోణీ పట్టుకు లాగాడు. ఒక్కరూ నోరెత్తలేదు. సంగతి తెలిసి పుల్లయ్య “సదువూ వద్దు, సట్టుబండలూ వద్దు” అని పిల్లను శెనక్కాయ చేలో కలుపు తీయడానికి పంపాడు. బాగా చదివే పిల్ల. బాషాకు ఆ పూట అన్నం సయించలేదు.

ఎస్సై అంతా విని, “ఆ పిల్లను రమ్మను, కేసు రాస్తా” అన్నాడు.

“రానీయడు సార్. స్టేషను గడప తొక్కితే పరువు పోతాదంటాడు వాళ్ల నాయన.”

ఎస్సై కాసేపు తిరగని ఫ్యాను వైపు చూశాడు. తర్వాత లేచి తలుపు మూసి, ఒట్టు వేయించుకుని మరీ ఆ రహస్యం చెప్పాడు.

పుల్లయ్యకు కూడా బాషాయే చెప్పాడు. “పోలీసమ్మ ఉంటే పంపుతా” అన్నాడు పుల్లయ్య. “మల్లా ఒక్క మాట ఇనపడిందంటే మాత్రం సదువు బంద్.”

జయలక్ష్మి మళ్లీ బస్సెక్కింది. చిత్రంగా, ఆడవాళ్ల సీట్లలో కూర్చున్న మగవాళ్లు అడక్కుండానే లేవసాగారు. ఎవరికి కాలు తగిలినా “తప్పయిందమ్మా” అనడం మొదలైంది. ఏమో, ఆమే పోలీసేమో!

ఎవరా పోలీసు? బాషాకు నిద్ర పట్టలేదు. జామపండ్ల గంపతో ఎక్కే మస్తాన్‌బీ కాదు, ఆమె చిన్నప్పటి నుంచీ తెలిసిన మనిషే. మరి కొత్తగా ఎక్కుతున్న దేవమ్మ అనే ఆమె? కర్రలా నిటారుగా నిలబడుతుంది. చీర కింద తెల్ల కాన్వాసు బూట్లు. ఒకరోజు చిల్లర కోసం సంచి తెరిస్తే లోపల విజిల్ కనబడింది. ఇంకేం, ఈమేనని తేల్చుకున్నాడు బాషా.

“మీకెందుకులేమ్మా టికెట్టు” అన్నాడు గొంతు తగ్గించి.

“ఏందప్పా, ఉత్తపుణ్యానికి ఎక్కే మనిషి మాదిరి కనపడతాండానా? కొట్టు టికెట్టు!”

‘అబ్బ, ఎంత గుట్టు!’ అనుకుని బాషా మురిసిపోయాడు.

ఒక సోమవారం చుక్కల చొక్కా వాడు మళ్లీ ఎక్కాడు. “ఆడపోలీసంట! యాడుందో చూద్దాం” అంటూ వచ్చి జయలక్ష్మి సీటు వెనక నిలబడ్డాడు. జడ కొస పట్టుకున్నాడు.

“చెయ్యి తియ్” అంది జయలక్ష్మి.

వాడు నవ్వాడు. అంతే, విజిల్ మోగింది. రామన్న సడన్ బ్రేకు వేశాడు. తూలిన వాడి కాలరు దేవమ్మ చేతిలో ఉంది. మస్తాన్‌బీ గంప తెచ్చి తలుపుకు అడ్డం పెట్టి, “యాడికి పోతాడో పోనీ!” అంది. బస్సులో ఉన్న ఆడవాళ్లంతా లేచారు.

“బండి స్టేషనుకు తిప్పప్పా” అంది దేవమ్మ.

స్టేషనులో వాణ్ని లోపల కూర్చోబెట్టారు. జయలక్ష్మి ఫిర్యాదు రాసి సంతకం పెట్టింది. కబురంది పుల్లయ్య పరుగున వచ్చాడు. ‘ఇంక నా సదువు అయిపోయినట్టే’ అనుకుని జయలక్ష్మి గోడకు ఆనుకుపోయింది.

పుల్లయ్య కూతురి వైపు చూడలేదు. నేరుగా దేవమ్మ దగ్గరికి పోయి చేతులు జోడించాడు.

“అమ్మా, నీ మీద నమ్మకంతోనే పంపుతాండా. రేపు గూడా బస్సులో ఉంటావు గదా?”

“దినామూ ఉంటా అన్నా” అంది దేవమ్మ ఇబ్బందిగా.

“అయితే రేపు గూడా పోతాది నా బిడ్డ.”

జయలక్ష్మి ఏడ్చేసింది. తండ్రీ కూతుళ్లు వెళ్లిపోయాక దేవమ్మ ఎస్సై బల్ల దగ్గరికి వచ్చింది.

“సార్, ఆయప్ప నన్ను పోలీసనుకుంటాండాడు. నేను నంద్యాల మిషన్ బడిలో డ్రిల్లు టీచర్ని. అసలు పోలీసామె బస్సులో ఉందనే ధైర్యంతోనే విజిల్ ఊదినా. ఎవురు సార్ ఆమె? ఒకసారి కలిసి పోతా.”

“నేనూ అంతే సార్” అంది మస్తాన్‌బీ. “ఆయమ్మ ఉందని గాకపోతే గంప అడ్డం పెడ్తునా?”

బాషా తల దించుకున్నాడు. “తప్పయింది సార్. చెప్పొద్దన్న మాట ఊరంతా చెప్పేసినా.”

“నువ్వు చెప్తావనేలేప్పా నీకు చెప్పింది” అన్నాడు ఎస్సై. లేచి మళ్లీ తలుపు మూసి వచ్చాడు.

“సర్కారు ఇంకా ఎవురినీ పంపలేదమ్మా.”