నిలబడే పెళ్లిచూపులు

"కూర్చోప్పా!" అన్నాడు పద్మనాభన్, తాను నిలబడే.

"మీరు కూర్చోండి మామా!" అన్నాడు కుమరేశన్, కదలకుండా.

గుడియాత్తంలో పెళ్లిచూపులు. వేలూరు నుంచి వచ్చిన పెళ్లికొడుకూ, పిల్ల తండ్రీ పరిచిన చాపకు చెరోపక్కా నిలబడిపోయారు.

"పెద్దోళ్లంటే మావోడికి అంత మర్యాద," అంది కుమరేశన్ తల్లి మునియమ్మ కంగారుగా.

కాఫీ తెచ్చిన పెళ్లికూతురు షాలినికి పెళ్లికొడుకు చొక్కా కింద ఉబ్బెత్తుగా నడుం బెల్టు కనబడింది. "డిస్కు జారినాదా?" అని అడిగేసింది.

మునియమ్మ కళ్లు మూసుకుంది. ఈ సంబంధమూ పోయినట్టే.

"షోరూంలో పని. కలర్ టీవీ ఎత్తతా ఉంటే జారినాది," అన్నాడు కుమరేశన్ తల వంచుకుని.

పద్మనాభన్ ముఖం వెలిగిపోయింది. "నాకూ జారినాదిప్పా, మగ్గం గుంతలో కూర్చొని కూర్చొని! ఆపరేషనా?"

"లేదు మామా. కాల్లో బలం ఉండాది, కోత వద్దన్నాడు డాక్టరు. మాత్రలు, ఎక్సర్‌సైజు."

"నాకు పాదమే పైకి లేవలా. అందుకే కోసినారు. కోస్తేనే నొప్పి సీక్రంగా పోతాది!"

"నాకు నిదానంగా పోతా ఉండాది. అయినా కోత లేకుండా పోతా ఉండాది కదా మామా!"

"నిదానమంటే ఎన్నాళ్లప్పా?"

ఇద్దరి గొంతులూ లేచాయి. పిల్లను చూడటం ఎవరికీ గుర్తులేదు.

"ఎక్సర్‌సైజు రోజూ చేస్తారా?" అని మధ్యలో దూరింది షాలిని.

"ఒక్కరోజూ విడిచిపెట్టలేదు."

"డాక్టరు చెప్పినట్టే?"

"చెప్పినట్టే."

షాలిని తండ్రివైపు తిరిగింది. "ఆపరేషన్ అయినాక నీకూ చెప్పినారే నాయనా. ఒక్కరోజైనా చేసినావా? చేసింటే ఇప్పుడు కింద కూర్చునేవాడివి కదా!"

పద్మనాభన్ గబగబా కాఫీ తాగసాగాడు.

"అమ్మా!" అని లోపలికి కేకేసింది షాలిని. "చెప్పిన మాట వినే మొగోడు దొరికినాడు. నాకు సమ్మతమే!"