రెండూ ఎడమవే

సంచిలోంచి తీసిన ప్యాంటు కాళ్లు రెండూ ఎడమవే.

ఆమె మరోసారి చూసింది. కొండలెక్కేవాళ్ల ప్యాంటు అది. మోకాళ్ల దగ్గర జిప్పు తీస్తే కింది కాళ్లు ఊడివచ్చి నిక్కరవుతుంది. మళ్లీ తగిలిస్తే ప్యాంటు. తికమక పడకుండా ఎడమ జిప్పుకి ఎర్రదారం, కుడి జిప్పుకి నీలందారం కుడతారు. ఆమె చేతుల్లో ఉన్న రెండింటికీ ఎర్రదారమే. ఒకటి అతనిది. రెండోది పొట్టిగా ఉంది, అంచు సన్నగా ఉంది. ఎవరో ఆడమనిషి కొలతకు కుట్టినది.

ఆ ప్యాంట్లను పరీక్షించడమే అతని ఉద్యోగం. కంపెనీ కొత్తగా ఏది కుట్టినా అతను తొడుక్కుని వానలో తడవాలి, బండల మీద జారాలి, ముళ్లపొదల్లో దూరాలి, వాగు దాటి ఎండలో ఎంతసేపటికి ఆరుతుందో చూడాలి. వారంలో సగం రోజులు కొండల మీదే. వచ్చిన ప్రతిసారీ ఆమె ఆ బురదంతా ఉతికేది. జిప్పుల్లో ఇరుక్కున్న ఇసుకను పాత టూత్‌బ్రష్‌తో దులిపేది. చిరుగు కనిపిస్తే తన కుట్టుమిషను మీద వేసి ఇచ్చేది. కంపెనీవాళ్లు నన్ను కాదు, నిన్ను పెట్టుకోవాల్సింది అని అతను మెచ్చుకునేవాడు. ఆ ఒక్క మాటతో ఆమె కడుపు నిండిపోయేది.

వెళ్లిపోయేవాళ్లంటే ఆమెకు భయం. అతను బయల్దేరిన ప్రతిసారీ, మెట్ల మీద అడుగుల చప్పుడు పూర్తిగా ఆగిపోయేదాకా మూసిన తలుపు వెనకే నిలబడేది. కొండ మీద తోడెవరుంటారని ఎన్నిసార్లు అడిగిందో.

"కబుర్లు చెప్పుకుంటూ నడిస్తే ప్యాంటు సంగతి ఎవడికి పడుతుంది? ఒక్కణ్నే వెళ్తాను. మా పద్ధతే అంత" అనేవాడు.

ఒక్కడే వెళ్లినవాడికి మూడో కాలు ఎక్కడిది?

కాళ్లు తారుమారు కావాలంటే ఇద్దరు ఒకే చోట కూర్చోవాలి. ఎండకు తాళలేక ఇద్దరూ విప్పి ఒకే కుప్పగా పడేయాలి. చూసుకోకుండా చెరో రెండు కాళ్లు సంచుల్లో కుక్కుకోవాలి. ఇది నాది, అది నీది అని చూసుకోనంత చనువున్న చోటే అలాంటి పొరపాటు జరుగుతుంది. అంటే ఇప్పుడు ఏ మహాతల్లి సంచిలోనో రెండు కుడికాళ్లు ఉన్నాయన్నమాట.

భోజనం దగ్గర, ఈసారి దారిలో ఎవరైనా కలిశారా అని మామూలుగా అడిగింది.

"మేకలు కలిశాయి. ఈ వెర్రివాడు మళ్లీ వచ్చాడే అన్నట్టు చూశాయి" అన్నాడతను, పళ్లెంలోంచి తలెత్తకుండా.

ఆమె నవ్వింది. నవ్వకపోతే ఏడుపొచ్చేలా ఉంది.

మర్నాడు పేరు చెప్పకుండా కంపెనీ స్టోరుకు ఫోను చేసింది. ఆడవాళ్ల ప్యాంటు కాలొకటి దొరికింది, ఎవరిదో కనుక్కుందామని అంది. స్టోరు చూసే ఆయన కులాసాగా మాట్లాడాడు. ఆ సైజు జత ఒక్కటే బయటికి వెళ్లిందట. తీసుకెళ్లింది అతనే.

"ఇంట్లోవాళ్ల చేత కూడా తొడిగించి చూస్తానన్నాడమ్మా. ఆవిడకి కొండలంటే మహా సరదా అట కదా."

ఆమెకు మేడ మీంచి కిందికి చూస్తేనే కళ్లు తిరుగుతాయి.

ఫోను పెట్టేసింది. అడిగితే మళ్లీ ఏ మేకల కథో చెబుతాడు. అడగకూడదు అనుకుంది. ఆ రెండు కాళ్లనూ ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, చిన్నదాన్ని లోపల పెట్టి మడిచి సంచిలో సర్దింది. అతను విప్పి కూడా చూడలేదు. తలుపు మూసుకున్నాక ఈసారి ఆమె అక్కడ నిలబడలేదు. అతని వెనకే వెళ్లి, అదే బస్సు వెనక తలుపులోంచి ఎక్కింది.

కొండ మొదట్లో బస్సులు ఆగే చోట రాతి అరుగు ఉంది. దాని మీద అటు తిరిగి ఒకావిడ కూర్చుంది. మోకాళ్ల దాకా ప్యాంటు, పక్కన సంచి. అతను దగ్గరికి వెళ్లి సంచిలోంచి కాళ్ల మడత తీసి విప్పాడు. చిన్న కాలు జారి కింద పడింది.

"అదిగో నా కాలు! మీకు సంచి సర్దడం ఈ జన్మకి రాదు. కుడికాళ్లు రెండు పెట్టుకుని ఇల్లంతా వెతికాను" అందావిడ నవ్వుతూ.

అతను ఆవిడ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. జిప్పు కరవకుండా చర్మానికి వేలు అడ్డం పెట్టి, చుట్టూ మెల్లగా లాగాడు. చలికోటు తొడిగేటప్పుడు మెడ దగ్గర తనకూ అలాగే వేలు అడ్డం పెడతాడు. లోకంలో అది తన ఒక్కదానికే అనుకుంది ఇన్నాళ్లూ.

బస్సు చాటు నుంచి రెండడుగులు ముందుకు వేసింది. ఆవిణ్ని జుట్టు పట్టుకుని నలుగురిలో నిలబెట్టాలనే వచ్చింది. అలికిడికి ఆవిడ ఇటు తిరిగింది.

ఆ ముఖాన్ని ఆమె ఇదివరకు, అతనే ఒకసారి చూపించిన పాత ఫొటోలో చూసింది. కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

ఎప్పుడో విడిపోయామని ఒట్టేసి తన గుమ్మం తొక్కిన మనిషి, ఇప్పుడు తనను మోసం చేస్తున్నది కట్టుకున్న పెళ్లాంతోనే.