ఎడమకి తిరగాల్సిన ఆకు

"చెయ్యి తియ్యి తాతా! అది పట్టుదారం!"

సెమిహా అరుపుకి ముసలాయన ఉలిక్కిపడి, తివాచీ వెనక ముడుల మీది నుంచి వేళ్ళు తీసేశాడు.

మగ్గం చప్పుడు విని, తెరిచున్న తలుపులోంచి అడగకుండానే వచ్చాడు. చేతిలో కర్ర, కళ్ళకి సీసా అడుగంత మందం అద్దాలు.

"ఏం పువ్వులు తల్లీ?"

"కనబడట్లేదా? తులిప్‌లు. ఏడు."

"ఏడా?" ముసలాయన గోడ పట్టుకున్నాడు. "మూడోదాని కింద ఆకు ఎటు తిరిగింది?"

"కుడికి. నమూనా గీసిన గళ్ళ కాగితంలో అలాగే ఉంది."

"కాగితం తప్పు. ఎడమకి తిప్పు. లేకపోతే నలభై వరుసలయ్యాక పువ్వు మీద పడుతుంది."

సెమిహాకి ఒళ్ళు మండింది.

"ఈ హెరెకె ఊళ్ళో మా అమ్మమ్మ కాలం నుంచీ ఇదే పని మాకు. దారిన పోతూ నాకు నేర్పిస్తావా?"

"తిప్పు తల్లీ," అన్నాడాయన మెల్లగా.

ఇంటికొచ్చిన మనిషికి టీ కూడా ఇవ్వకుండా తలుపు వేసేసింది.

వారం తిరిగేసరికి ఆకు వెళ్ళి పువ్వు మీద పడింది.

సెమిహా సూది తీసుకుని, వారం పనంతా ఒక్కో ముడిగా విప్పింది. ఆకుని ఎడమకి తిప్పి మళ్ళీ నేసింది.

మూడో తులిప్ హాయిగా విచ్చుకుంది.

ఇదే కాగితం చూసి అమ్మ నేసినప్పుడూ ఇక్కడే ఏదో ఇరుకుగా ఉండేది. ఎందుకో ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు.

పొయ్యి మీంచి దించిన వేడి బోరెక్ రొట్టెలు మూటగట్టుకుని, స్టేషన్ పక్క కాఫీ కొట్టుకి పరిగెత్తింది.

"కర్ర పట్టుకుని ఒక తాత తిరుగుతుంటాడు, మందపాటి అద్దాలు..."

"వెహ్బీ గారా? మొన్న శుక్రవారమే పోయారమ్మా."

సెమిహా మూటని బల్ల మీద పెట్టేసింది.

"ఎవరాయన?"

కొట్టతను గ్లాసు తుడవడం ఆపాడు.

"మీ మగ్గాల గళ్ళ కాగితాలు గీసిందే ఆయన, ఒకదాంట్లో ఆకు తప్పు గీశానని ఆలస్యంగా తెలిసి, అది ఎవరింట్లో ఉందోనని పదకొండేళ్ళు మగ్గం మగ్గం తిరిగారు, చివరికి ఒకరోజు నవ్వుతూ వచ్చి, 'దొరికిందిరా, ఆ పిల్ల కోపిష్టిదే గానీ చెయ్యి మంచిది, తిప్పుతుంది' అన్నారు."