పెట్టె కోసం వచ్చినామె

హాస్టలు స్టోరు గది తాళంచెవి ఎప్పుడూ వార్డెను చెంగల్రాయుడి మొలతాడుకే ఉంటుంది.

పిల్లోళ్ల దగ్గర పట్టుకున్న పేకముక్కలు, బీడీకట్టలు, మౌతార్గను, సెలవులకు పోతా మరిచిపోయిన చాపలు, చెంబులు, అన్నీ ఆ గదిలోనే. ఎవరిది వాళ్లకే ఇస్తాడు. కానివాళ్లకు గుండుసూది కూడా ఇయ్యడు. అంత నిక్కచ్చి మనిషి తిరుపతిలోనే లేడని పేరు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం.

నలభై రెండు ఆగస్టులో కాలేజీ పిల్లోళ్లు సమ్మె కట్టినారు. పాకాల దగ్గర ఎవరో టెలిగ్రాఫు తీగలు కోసేసినారు. కాలేజీ మూతబడింది. హాస్టలంతా ఖాళీ అయింది.

ధనంజయ అనేవాడు మాత్రం చెప్పాపెట్టకుండా మాయమైనాడు. వాడి రేకు పెట్టె గదిలోనే ఉండిపోతే, వేసిన తాళం వేసినట్టే తెప్పించి స్టోరులో పెట్టించినాడు చెంగల్రాయుడు.

ఒక మధ్యాహ్నం ఆ పెట్టె కోసం ఒక ముసలామె వచ్చింది. తెల్లచీర, నెత్తిన ముసుగు. ఎండలో గబగబా నడిచొచ్చినట్టుంది, ఆయాసపడతా ఉంది.

"నువ్వు వానికి ఏమవుతావు?"

"పెద్దమ్మను సామీ. వడమాలపేట నుంచి వస్తా ఉండా."

ధనంజయ నాయన పేరు చెప్పమన్నాడు. చెప్పలేకపోయింది. అమ్మ పేరడిగినాడు. అదీ తెలీదు. ధనంజయది పాకాల పక్క పల్లె, వడమాలపేటలో వాళ్లకు పురుగు కూడా చుట్టం లేదు.

"పండు ముసలిదానివి. కానోళ్ల సొమ్ముకొచ్చింది గాక అబద్ధాలు కూడానా?"

ఆమెకు కోపం రాలేదు. వాకిలి దారబందం పట్టుకుని నిలబడింది.

"సరే సామీ, నేను వానికి ఏమీ కాను. నాకియ్యొద్దు. మీరే తెరిచి సూడండి. ఉండకూడనిది ఏమన్నా ఉంటే ఈ పొద్దే యాడన్నా పారెయ్యండి."

ఒకరి పెట్టె తెరిచే అలవాటు తనకు లేదన్నాడు చెంగల్రాయుడు. అసలు పెట్టెలో ఏముందో నీకెట్ల తెలుసని గద్దించినాడు.

"వానికీ ఒక తల్లి ఉంటాది గదా సామీ" అని మాత్రం అనింది.

ఆయన వాచ్‌మన్ మునెయ్యను కేకేసినాడు. మునెయ్య రెక్క పట్టుకుని ఆమెను గేటు బయట వదిలిపెట్టినాడు.

తెల్లారి పోలీసులు వచ్చినారు. ఊరికి కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరు నేరుగా స్టోరు గది ముందరికి పోయి నిలబడినాడు. చెంగల్రాయుడే తాళం తీసినాడు.

పెట్టె తాళం పగలగొడితే, గుడ్డల కింద రాగి తీగల చుట్ట, తీగలు కోసే పటకారు బయటపడినాయి.

దీన్ని ఇంకెవరైనా ముట్టినారా అని అడిగినాడు ఇన్‌స్పెక్టరు.

"పెట్టింది పెట్టినట్టే ఉండాది సార్. ఒకరినీ తాకనియ్యలేదు" అన్నాడు చెంగల్రాయుడు, కొంచెం గర్వంగానే.

ఆ మాటే కోర్టులో సాక్ష్యమయింది. అంత పేరున్న మనిషి చెప్పినాక ఇంక కావాల్సిందేముంది? చెరుకు తోటలో దొరికిన ధనంజయకు కొరడా దెబ్బలు కొట్టి జైలుకు పంపినారు. వానలు వెనకబట్టేలోగా జైల్లోనే రక్త విరేచనాలు పట్టుకుని వాడు పోయినాడు.

వాడి చాప, చెంబు తీసుకుపోవడానికి తల్లి తాయమ్మ వచ్చింది. తన బిడ్డను ఎవరు పట్టించినారని అడిగింది.

పెట్టె అడిగిన ముసలామె సంగతి చెప్పినాడు చెంగల్రాయుడు. తను ఇయ్యలేదన్న కసితో ఆమే పోలీసుల చెవిన వేసిందని చెప్పినాడు. ఆయన నిజంగా అట్లే నమ్మినాడు. కాలేజీ తెరిచినాక హాస్టలు పిల్లోళ్లూ అదే నమ్మినారు.

ఒక సాయంత్రం తేరువీధిలో మునెయ్య ఆ ముసలామెను గుర్తుపట్టినాడు. పిల్లోళ్లు చుట్టుకున్నారు. ఒకడు కాలవలో బురద ఎత్తి ఆమె మీద పోసినాడు.

ఎదురంగడిలో చెంగల్రాయుడు ఉండాడు. వద్దని ఒక్క మాట అంటే పిల్లోళ్లు ఆగిపోదురు. తగిన శాస్తి అని అంగడాయనతో అన్నాడు.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ధనంజయ ఎట్లుండాడు నాయనా?" అని బురద పోసినవాణ్ణే అడిగింది.

"సచ్చిపోయినాడు. నువ్వే సంపినావు."

ఆమె ఆ బురదలోనే కూలబడింది. మళ్లీ ఎవరికీ బజారులో కనబడలేదు.

కొన్నాళ్లకు హాస్టలు ప్రెసిడెంటు జయరావు కబురంపినాడు. ఇన్‌స్పెక్టరు ఇంట్లో సావంట, హాస్టలు తరపున ఒక పూలదండ వేసి రమ్మని. పెద్దోళ్లతో ఎప్పటికైనా పని పడతాదని చెంగల్రాయుడు మంచి దండే కట్టించుకుని పోయినాడు.

వసారాలో జనం పక్కకు జరిగి దోవ ఇచ్చినారు. దండ వెయ్యబోయి వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయినాడు.

చాప మీద ఆ ముసలామె పండుకోనుండాది; ఆమె పాదాలు పట్టుకుని, "నా ఇంట్లో అన్నం ఎందుకు మానేస్తివమ్మా, నాతో మాట ఎందుకు మానేస్తివి" అని ఇన్‌స్పెక్టరు ఏడస్తా ఉండాడు.