బస్సు బోర్డు

"అక్కా, గీ బస్సు మంథని పోతదా?"

సుల్తానాబాద్ బస్టాండు పక్కన గాజుల దుకాణం హుస్నాది. అడిగిన మనిషిని ఎగాదిగా చూసింది. ఇస్త్రీ చొక్కా, కళ్లద్దాలు, భుజాన సంచీ. బస్సు నెత్తిన బోర్డు ఇంతింత అక్షరాలతో ఉండనే ఉంది.

"బోర్డు కనబడ్తలేదా సారూ?"

అతను నవ్వేసి ఊరుకున్నాడు.

మర్నాడు కూతురు ఆఫ్రీన్ బడి నుంచి కబురొస్తే వెళ్లింది. హెడ్మాస్టరు మంజుల మేడం పక్కన అదే మనిషి! పేరు అంబదాస్. చదవడం రాని పిల్లల్ని పరీక్షించడానికి వచ్చాడట.

పదో తరగతి ఆఫ్రీన్ పుస్తకం పట్టుకుని గడగడా చదివేసింది. హుస్నాకు ప్రాణం లేచొచ్చింది.

అంబదాస్ మెల్లగా పేజీ తిప్పాడు. అయినా ఆఫ్రీన్ నోట్లోంచి పాత పాఠమే వస్తోంది. దోస్తులు చదువుతుంటే విని బట్టీ పట్టిన పాఠం.

"పిల్లకు మస్తు తెలివున్నది, అక్కా. అక్షరాలే నిలబడ్తలేవు. నేను కాయితం రాసిస్త. పరీక్షల ఆమె నోటితోని చెప్తది, ఇంకొకలు రాస్తరు."

"నా బిడ్డ అవిటిదని రాస్తవా?" హుస్నా భగ్గుమంది. "బస్సు బోర్డు చదువరానోనివి, నువ్వు పెడ్తవా పరీక్ష?"

సారు ముఖం మాడిపోయింది.

అక్కడితో ఊరుకుందా? సారుకే చదవరాదని ఊరంతా చాటింది. నలుగురు తల్లుల్ని వెంటేసుకుని పెద్దపల్లి వెళ్లి విద్యాశాఖ ఆఫీసరుకు ఫిర్యాదు చేసింది. ఆఫీసరు బడికొచ్చి, అంబదాస్‌ను గదిలోకి పిలిచి తలుపేశాడు.

ఆ సాయంత్రం అంబదాస్ బస్టాండులో నిలబడ్డాడు. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. అతను ఏదీ ఎక్కడు.

"అక్కా, గీ బస్సు..."

హుస్నా మొహం తిప్పుకుంది.

మళ్లీ ఆయన రాలేదు. ఆయన జాగాలో ఇంకెవరూ రాలేదు.

ఆఫ్రీన్ పది తప్పింది. అన్నింట్లోనూ.

"మల్ల రాద్దువు బేటీ" అంటే, "నాకు బుర్ర లేదమ్మీ" అని దుకాణంలో కూర్చుండిపోయింది. వసపిట్టలా వాగే పిల్ల, గాజులు సర్దుతూ మాటే మానేసింది.

చూసి చూసి హుస్నా బడికి పరుగెత్తింది.

"మేడం, జర గా సారును పిలిపియ్యుండ్రి. మాఫీ అడుగుత. కాయితం రాయమంట."

"ఏడున్నడో తెల్వదమ్మా. నౌకరీకెల్లి తీసేసిండ్రు. ఫోన్ గూడ కలుస్తలేదు."

"నేను చెప్పిన మాటకేనా?"

"గా దినం ఆఫీసరు చేతిల కాయితం పెట్టి చదువుమన్నడు. సారు చదువలేకపోయిండు. అసలు సంగతి చెప్పుకున్నడు గని, ఆఫీసరు నమ్మలే."

"ఏం సంగతి?"

"ఆయనకు గూడ అక్షరాలు నిలబడయమ్మా, మన ఆఫ్రీన్ లెక్కనే. ఎవలన్న చదువుతుంటే విని, నోటితోని చెప్పి రాయించి, గట్లనే ఎమ్మే దాక చదివిండట."