ఇరుసులో సీల

ఆ సీల సంగతి ఎవరెత్తినా గోవిందన్న ఈరోజుకీ తల దించుకుంటాడు.

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు. ఆదోనిలో అతను మోటారు షెడ్డు పెట్టి ఆరు నెలలైంది. లారీలే తప్ప కారు రాలేదు. మొట్టమొదట వచ్చిన కారు డాక్టరు నారాయణస్వామి గారిది.

కారంటే ముసలి కారు, తెల్లదొరల కాలంనాటిది. అయినా ఎమ్మిగనూరు మగ్గాల వీధులకూ, బస్సు మొహం ఎరగని పల్లెలకూ డాక్టరు గారిని మోసుకుపోయేది అదే.

ముందు చక్రం గడగడలాడుతోంది. చక్రాన్ని ఇరుసుకు పట్టి ఉంచే లావుపాటి ఇనప సీల అరిగింది. పాతది ఊడదీస్తేగాని కొత్తది వేయడానికి లేదు.

"మీరు పోండి సార్, పొద్దుగూకేలోపల చేసిస్తా" అన్నాడు గోవిందన్న. డాక్టరు గారు ఇంకేదో చెప్పబోతే వినిపించుకోనే లేదు. ఊళ్లో పేరు నిలవాలంటే ఈ పని గెలవాలి.

సీల మాత్రం ఉడుంపట్టు పట్టింది. కిరసనాయిలు పోశాడు. మంట పెట్టి కాల్చాడు. సమ్మెట ఎత్తి పైనుంచి మోదాడు. వెంట్రుకవాసి కదల్లేదు.

"డాక్టరప్ప రమ్మన్యాడు నాయనా."

తలెత్తి చూశాడు. వాకిట్లో అరవై ఏళ్ల ఆడమనిషి. బోసి నొసలు, బోసి చేతులు, కాళ్లకు మోకాళ్ల దాకా నల్లరేగడి మట్టి.

"ఇది ఆసుపత్రి గాదవ్వా. మందుకైతే ఆయప్ప ఇంటికి పో."

"మందుకు గాదులే" అని ఆమె గడపలోనే కూలబడింది. కారు ముందు చక్రంకేసే చూస్తోంది.

గోవిందన్న మళ్లీ సమ్మెట వేశాడు.

"పైనించి కొట్టొద్దు నాయనా. కొట్టేకొద్దీ బిగుసుకుంటాది. కింద నించి కొట్టు."

గోవిందన్నకు నవ్వొచ్చింది.

"తాతకు దగ్గులు నేర్పుతాండావే! బళ్లారిలో పదేండ్లు పని నేర్సినోణ్ణి. యా కారు సీలైనా పైనించే కొడతారు."

"కొడతారేమో. ఈ సీల సంగతి నాకు..."

"నీకేం తెల్సు? పొయ్యికాడ రొట్టె సంగతి తెల్సు!"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

పొద్దు నడినెత్తికి వచ్చింది. చేతులు బొబ్బలెక్కాయి. డాక్టరు గారికి ఇచ్చిన మాట గుర్తొచ్చి ఒళ్లు మండింది. ఆ మంట పోయి పోయి వాకిట్లో మనిషి మీద పడింది.

"ముండమోసినోళ్లు ఎదురుగా కూసుంటే పని యెట్ల జరుగుతాది? అందుకే ఇది కదలడంల్యా. లెయ్, పో!"

అనేశాక తనకే చివుక్కుమంది. ఇంట్లో తన తల్లి వీరమ్మ కూడా, కొడుకు పనికి బయల్దేరే వేళ ఎదురుపడకూడదని పెరట్లోకి తప్పుకుంటుంది. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం. అది తెలిసీ క్షమించమనకుండా సమ్మెట కోసం వంగాడు.

ఆమె లేచి కొంగు దులుపుకుంది.

"పోతా నాయనా. పైనించి మాత్రం కొట్టొద్దు. ఇరుసు పగులుతాది."

ఆ మాటకు గోవిందన్నకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఆమె పది అడుగులు వేయకముందే, ఉన్న బలమంతా పెట్టి పైనుంచే కొట్టాడు.

సీల కదల్లేదు. ఇరుసు పగిలింది.

ఆ చప్పుడుకు ఆమె ఆగి, వెనక్కి తిరిగి చూసింది. ఎమ్మిగనూరు దోవ పట్టింది. పిలుద్దామనుకున్నాడు. సిగ్గుతో మొహం పక్కకు తిప్పుకున్నాడు.

సాయంత్రం డాక్టరు గారు వచ్చారు. పగిలిన ఇరుసు మీద చెయ్యి వేసి చూశారు.

"ఇట్లాంటి ఇరుసు ఇప్పుడు మద్రాసులో గూడా దొరకదు గోవిందన్నా. రేపటి నుంచి పల్లెలకు నేనెట్ల పోవల్ల?"

తిట్టినా బాగుండేదనిపించింది గోవిందన్నకు.

"తప్పు నాదే సార్. పైనించి కొట్టినా."

"పైనించా? అది కంపెనీ సీల గాదప్పా. యుద్ధంలో సామాన్లు దొరక్క పెద్దకడుబూరు కమ్మరి ఈరన్న ఇంట్లో చేయించినా. ఇరుసు రంధ్రం అరిగిందని సీలకు తలవైపు రవ్వంత లావు పెట్టినారు. కింద నుంచి తట్టుంటే వచ్చేసేది."

గోవిందన్న ఎమ్మిగనూరు దోవకేసి చూశాడు.

"ఆ ఈరన్న... ఇప్పుడు ఉన్నాడా సార్?"

"పోయి నాలుగేండ్లాయ. అయినా ఆయప్ప ఊరికే పట్టకారుతో పట్టుకున్నాడు, అంతే. సమ్మెట వేసి ఆ సీలను సాగగొట్టింది ఆయప్ప పెండ్లాము సుంకులమ్మ. దాన్ని ఊడదీయను నీకు సాయం పొమ్మని నిన్ననే ఆమెకు కబురంపినా, పొద్దున రాలేదా?"